వాళ్ళ బండికి నీళ్ళ పంపు

‘మంచి పనోడు’ అనే మాట మా ఇంట్లో మూడు తరాల నుంచి ఉంది. మా తాతని అన్నారు, మా నాయనని అన్నారు, ఇప్పుడు నన్ను అంటున్నారు. అది మెచ్చుకోలో, మెడకేసిన పలుపో నాకింకా తేలలేదు. చదువుకున్న తమ్ముళ్ళు నా షెడ్డుకి పుస్తకాలు తెచ్చిస్తుంటారు. వాటిల్లో దోపిడీ గురించి ఉంటుంది, ఆత్మగౌరవం గురించి ఉంటుంది. కానీ మనల్ని మనిషిగా చూడనోడి పని మన చేతికి వచ్చినప్పుడు దాన్ని ఎట్టా చెయ్యాలో నాకు ఎక్కడా కనపడలేదు. చెయ్యాలా వద్దా అనేది ఒక ప్రశ్న. చేస్తే బాగా చెయ్యాలా అనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబులు చాలామంది చెబుతారు. నన్ను తిప్పలు పెట్టేది రెండోది.

నేను మెకానిక్కుని. మాదిగని. చీరాల చుట్టుపక్కల పాత డీజిలు బండ్లు బాగుచేస్తాను. నా చేతికి ఎక్కువగా వచ్చేది వేడెక్కిన ఇంజన్లు. ఇంజన్ వేడెక్కిందంటే నీళ్ళ గొడవే. నీళ్ళ గొడవ మాకు కొత్తది కాదు.

మా ఊళ్ళో కరెంటు మోటార్లు రాకముందు మెట్ట సేద్యం మోటబావుల మీద నడిచేది. గిలక మీద మోకు, మోకుకి తోలు బాన, బానకి తొండం. ఎడ్లు వాలుబాటలో కిందికి నడిస్తే బాన పైకొచ్చేది, తొండంలోంచి నీళ్ళు కాలవలో పడేయి. ఆ బాన, ఆ తొండం, ఆ వార్లు మా తాత చేతిపని. చచ్చిన గొడ్డుని మోసుకొచ్చి, తోలు ఒలిచి, సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, లందలో తంగేడు చెక్కతో రోజుల తరబడి ఊరేసి, ఎండేసి, రంపెతో కోసి, ఆరెతో గుచ్చి కుట్టేవాడు. ఆ లంద వాసన మా పల్లెకి ఊరు పెట్టిన పేరు. ఆ లందలోంచి వచ్చిన తోలు లేకపోతే ఊరికి గింజ లేదు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనేవాళ్ళు కాదు.

మా తాత కుట్టిన బాన కారేది కాదంట. కుట్టు దగ్గర చుక్క కారినా ఆసామి ఊరుకోడు, అది వేరే సంగతి. ఆసామి చూడకపోయినా మా తాత ఊరుకునేవాడు కాదంట. ఇది మా నాయన గర్వంగా చెప్పేవాడు. ఆ గర్వం చూస్తే నాకు ఒక పక్క ముచ్చటేసేది, ఒక పక్క ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆ బావి గట్టెక్కి నీళ్ళు చేదుకోటానికి మా తాతకి హక్కు లేదు. ఆయన కుట్టిన బాన బావిలోకి దిగొచ్చు, మునగొచ్చు, తేలొచ్చు. కుట్టినోడు గట్టు తాకకూడదు. దప్పికైతే ఎవరన్నా పైనించి పోస్తే దోసిలి పట్టాలి. కొత్త బాన కట్టిన రోజు దాని మీద పసుపునీళ్ళు చల్లేవాళ్ళంట. గొడ్డు తోలుకి శుద్ధి ఉంది గానీ మనిషి తోలుకి లేదు.

కూలి సంగతీ చెప్పాలి. కూలి అనేది లేదు. కళ్ళం మీద మేర ఉండేది. పంట వచ్చాక, అందరూ కొలుచుకున్నాక, ఆసామి చేతికి తోచినన్ని గింజలు. బాన బాగుంటే ఇన్ని, తిత్తి బాగుంటే ఇన్ని అని లెక్క లేదు. ఎంత పని చేశావో నువ్వు చెప్పటానికి లేదు, ఎంత ఇస్తాడో నువ్వు అడగటానికి లేదు. వద్దు, నేను కుట్టను అనటానికి అసలే లేదు. ఈ మూడూ కలిస్తేనే వెట్టి. పని కష్టంగా ఉన్నందుకు దాన్ని వెట్టి అనరు. ఎండలో కష్టం చేసేవాళ్ళు అన్ని కులాల్లోనూ ఉన్నారు. ధర చెప్పే నోరు, కాదనే నోరు తీసేసి చేతుల్ని మాత్రం ఉంచితే అది వెట్టి. 1936లో అంబేద్కర్ కులనిర్మూలన రాసినప్పుడు ఈ మెలికనే పట్టుకున్నాడని నాకనిపిస్తుంది. కులం అంటే పనులు పంచుకోవటం అని సమర్థించేవాళ్ళకి, అది పనుల్ని కాదు, పనిచేసే మనుషుల్నే మెట్లుమెట్లుగా విడగొట్టిందని, ఎవడి పని వాడు ఎంచుకునే వీల్లేకుండా చేసిందని ఆయన చెప్పాడు. ఆ మెట్ల మీద కూర్చున్నోళ్ళే కిందోళ్ళకి ‘నీ పని నువ్వు శ్రద్ధగా చెయ్యి, ఫలితం మాట ఎత్తకు’ అని నీతి చెప్పారు. శ్రద్ధ అనే మంచి మాటని కూడా మనకి అట్టా చేదు చేశారు.

మోటలు పోయి ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. లంద ఎండిపోయింది. మా నాయన చేతిలో ఆరె, రంపె మిగిలాయి. అయితే ఇంజన్ పంపులక్కూడా తోలు కావాల్సి వచ్చింది. బావిలో పైపు చివర ఫుట్‌వాల్వు ఉంటుంది. పైకెక్కిన నీళ్ళు వెనక్కి జారిపోకుండా పట్టుకునే మూత అది. ఆ రోజుల్లో ఆ మూతకి తోలు బిళ్ళ వేసేవాళ్ళు. చేతిపంపుల్లోనూ లోపల తోలు వాసరే. ఆ బిళ్ళలు, వాసర్లు మా నాయన కోసిచ్చేవాడు. గుండ్రంగా, ఒక్క దెబ్బకి. మా ఇంట్లో పనికి మొదట డబ్బు వచ్చింది అప్పుడే. గింజలు పోయి నాణెం వచ్చింది. ఆ నాణెం చేతిలో పెట్టేవాళ్ళు కాదు, ఎత్తునించి వదిలేవాళ్ళు. మంచినీళ్ళు ఎట్టా పోసేవాళ్ళో డబ్బులు కూడా అట్టానే పోసేవాళ్ళు. మా నాయన కిందపడ్డ నాణెం ఏరుకొని, దుమ్ము ఊది, జేబులో వేసుకునేవాడు. నేను చూశాను.

నన్ను షెడ్డులో పెట్టింది ఆ ఫుట్‌వాల్వులే. బిళ్ళ ఇవ్వటానికి చీరాల వస్తే, అక్కడ ఇంజన్లు బాగుచేసే సాయిబు మేస్త్రీ, ‘పిల్లోడు చురుగ్గా ఉన్నాడు, వదిలిపెట్టు’ అన్నాడు. 1985 ఎండాకాలం. నాకు పదమూడు. మేస్త్రీ మొదటిరోజు తను తాగిన గ్లాసు కడిగి అందులోనే నాకు టీ పోయించాడు. ఆయన దానికేమీ ప్రసంగం చెయ్యలా. నేను మాత్రం ఆ గ్లాసు చేతిలో పట్టుకొని, ఏ మూల పెట్టాలో తెలీక చాలాసేపు నిలబడ్డాను. మా ఊరి టీకొట్లో మా గ్లాసులు వేరే, చూరులో దోపి ఉండేవి.

రెండు నెలలకే కారంచేడు. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదె కుడితి బక్కెట్టు కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే మాదిగలు అడ్డుపడ్డారు. మున్నంగి సువార్త బిందె ఎత్తింది. ఎత్తింది బిందె మాత్రమే. 1985 జులై 17న కమ్మ భూస్వాములు పల్లె మీద పడి ఆరుగుర్ని నరికి చంపారు, ఆడోళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినోళ్ళు చీరాలకి తరలివచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. దళిత మహాసభ ఆ నెత్తురులోంచే పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం మాటలు చీరాల వీధుల్లో నేను చెవులారా విన్నాను. గ్రీజు చేతుల్తోనే పోయి నిలబడేవాణ్ణి. తర్వాత 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టంలో, మనోళ్ళు వాడుకునే నీళ్ళని పాడుచెయ్యటం కూడా నేరమని రాశారు. కుడితి బక్కెట్టు చట్టం దాకా పోవటానికి అన్ని ప్రాణాలు పట్టింది. కారంచేడు అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. చెరువులకి జిల్లాలు మారతయ్.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

మా తాత ఎవరి బావికి బాన కుట్టాడో ఆ ఇంటి మనవడు ఒక పాత పికప్పు నడిపిస్తాడు. ఇరవై ఏళ్ళు దాటిన బండి. మిరప కోతల కాలంలో కూలోళ్ళని చేలల్లోకి దింపటానికి, తర్వాత టిక్కీలు గుంటూరు యార్డుకి తోలటానికి. ఆ పికప్పు వేడెక్కి, పొగలు కక్కుతూ, తాడు కట్టించుకొని నా షెడ్డుకి వచ్చింది. నా మేనల్లుడు ఆ రోజు అక్కడే ఉన్నాడు. నాగార్జున యూనివర్సిటీలో చదువుతాడు, సంఘంలో తిరుగుతాడు, నోరు ఊరుకోదు. బండెవరిదో చూడంగానే వాడి మొహం మారింది.

అది పంపు పోయిన బండని నాకు బానెట్టు ఎత్తంగానే తెలిసింది. చదువుకునే తమ్ముళ్ళకి ఇక్కడ కొంచెం విప్పి చెప్పాలి. ఇంజన్ లోపల మంట మండుతుంటుంది. ఆ వేడిని మోసుకొచ్చి రేడియేటర్లో చల్లార్చుకునేది నీళ్ళు. ఆ నీళ్ళని తిప్పేది వాటర్ పంపు. బెల్టు తిప్పితే పంపు ఇరుసు తిరుగుతుంది, ఇరుసు చివర రెక్కల చక్రం నీళ్ళని తోస్తుంది. ఇట్టాంటి పాత బండ్లలో చాలావాటికి రేడియేటర్ ఫ్యాను కూడా ఆ ఇరుసు మూతికే బిగించి ఉంటుంది. ఇరుసుకి ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క బేరింగు. నీళ్ళు బేరింగులోకి పోకుండా మధ్యలో సీలు. సీలుకీ బేరింగుకీ నడుమ, పంపు పొట్ట కింద, చిన్న బెజ్జం ఉంటుంది. తయారుచేసినోడు కావాలని పెట్టిన బెజ్జం. సీలు అరిగితే నీళ్ళు బేరింగులోకి పోకుండా ఆ బెజ్జంలోంచి కిందికి కారిపోతాయి. చుక్కచుక్కగా. ‘నాకు బాలేదు, చూడండి’ అని పంపు చెప్పే మాట అది.

ఈ బండికి ఆ బెజ్జం ఎంసీలు పెట్టి మూసేశారు. నేను చూసిన పంపుల్లో ఇట్టాంటివి ఎన్నో. నీళ్ళు కారుతున్నాయంటే కారే చోటు మూసెయ్యమంటారు. మూస్తే నాలుగు రోజులు నేల పొడిగా ఉంటుంది, ఓనరుకి మనసు నిమ్మళం. నీళ్ళు ఆగవు గదా. లోపలికి తిరిగి బేరింగు గ్రీజుని కడిగేస్తాయి. బేరింగు తుప్పు పట్టి అరుస్తుంది. అరుపు వినపడకుండా టేపురికార్డరు పెద్దగా పెడతారు. చివరికి ఇరుసు ఊగుతుంది, ఫ్యాను రెక్క రేడియేటర్ని చీలుస్తుంది, లేకపోతే బెల్టు తెగుతుంది. పరుగు మీదున్న బండికి నీళ్ళు తిరగటం ఆగితే హెడ్డు వంకరపోటానికి ఎంతోసేపు పట్టదు. నేను ఫ్యాను రెక్క పట్టుకొని ఊపితే ఇరుసు వేలెడంత ఆడింది.

ఓనరు ఫోనులోనే చెప్పాడు: ‘పాత పంపే ఏదన్నా దొరికితే ఏసెయ్. కోతలయ్యేదాకా నడిస్తే చాలు. పంటకి లెక్క చూసుకుందాం.’

ఫోను పెట్టేశాక మేనల్లుడు అన్నాడు: ‘మామా, వాడు అడిగిందే చెయ్యి. పాత పంపు ఏసెయ్, కొత్తదాని డబ్బు తీసుకో. మూడు తరాలు తిన్నారు మనల్ని. లేదంటే అసలు చెయ్యనని తోసెయ్. వాడి బండికి నువ్వు నీళ్ళు తిప్పటమేంది?’

వాడిది ఊరికే కోపం కాదు. అందులో రెండు దారులున్నాయి, రెండూ ఆలోచించాల్సినవే.

తోసెయ్యటం సంగతి ముందు. కాదనటం మనకి చాలా విలువైన హక్కు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్ళు ముట్టుకోటమే కాదు, చచ్చిన గొడ్లు మొయ్యటం మానెయ్యమని కూడా మనోళ్ళకి చెప్పాడు. మానేసిన ఊళ్ళల్లో సాంఘిక బహిష్కరణలు వచ్చాయి. కాదన్నందుకు కూలి పోయింది, దారి మూశారు. అయినా కాదన్నారు. నేను వాళ్ళకి దణ్ణం పెడతాను.

కానీ కాదనటంలో ఇంకో రకం కూడా ఉంది. అంబేద్కర్‌కే జరిగింది. 1929లో ఆయన బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ పని మీద తిరుగుతూ ఖాందేశ్‌లో చాళీస్‌గాంవ్‌లో దిగాడు. మహార్‌వాడకి తీసుకుపోవటానికి టాంగా కావాలి. టాంగావాళ్ళెవరూ అంటరానోణ్ణి ఎక్కించుకొని తోలటానికి ఒప్పుకోలేదు. బారిస్టరైనా సరే. చివరికి ఒకడు టాంగా బాడుగకిస్తానన్నాడు, తోలను మాత్రం తోలనన్నాడు. వాడలో వాళ్ళకి ఆయన్ని నడిపించుకు పోవటం ఇష్టంలేదు. ఎన్నడూ టాంగా తోలని మనిషి పగ్గాలు పట్టుకున్నాడు. వంతెన మీద చక్రం ఇరుక్కుంది, ఆయన రాళ్ళ మీద పడ్డాడు, గుర్రం బండితో సహా కిందికి పోయింది. కాలు విరిగింది. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. రైలు బండి, కాలేజీ, కోర్టు అన్నీ దాటొచ్చిన మనిషిని టాంగావాడి పరువు కింద పడేసింది.

నేను ఈ కథ చదివినప్పుడు అందరూ అంబేద్కర్ కాలు గురించి బాధపడుతుంటే, నేను ఆ పగ్గాలు పట్టుకున్న మహార్ మనిషి గురించి ఆలోచించాను. ఆయనకి తోలటం ఎందుకు రాదు? నేర్పినోడు లేడు. పని తెలిసినోడికి కులం అడ్డం, కులం ఉన్నోడికి పని తెలీదు. ఆయన ఎంత ప్రేమగా పట్టుకున్నా ఆ పగ్గం మాట వినలేదు. పనితనం అంటే అందుకే నాకు భక్తి. అది మనకెవరూ దానమివ్వలేదు. చాలా చోట్ల మన చేతికి అందకుండా దాచిపెట్టారు. సాయిబు మేస్త్రీ లాంటోళ్ళు అక్కడొకరు ఇక్కడొకరు తలుపు తీశారు.

కాబట్టి నేను పని కాదంటే ఆ టాంగావాడి లాగా కాదనను. నీ కులం ఫలానా, నీ బండి ముట్టుకోను అని అనను. ధర ఇవ్వనోణ్ణి కాదంటాను. ‘ఏరా’ అన్నోణ్ణి కాదంటాను. అన్నాను కూడా. ఈ మనిషి ఇంతవరకూ నన్ను ‘ఏరా’ అనలేదు. ‘ఏవయ్యా’ అంటాడు. ఆ ‘య్యా’ వెనక కారంచేడు ఉంది, చుండూరు ఉంది, 1989 చట్టం ఉంది. ఊరికే వచ్చిన మర్యాద కాదు.

ఇక రెండో దారి, చెడగొట్టి డబ్బు తీసుకోవటం. మేనల్లుడు దీన్ని పగ తీర్చుకోటం అనుకున్నాడు. నేను వాణ్ణి బండి వెనక్కి తీసుకుపోయి తొట్టి చూపించాను. మూల ఒక సద్ది గిన్నె ఉంది. ఒక చెప్పు ఉంది. కొడవలి చుట్టిన గుడ్డ ఉంది. ఈ బండిలో పొద్దున్నే ఎక్కేది ఎవరు? మన ఆడోళ్ళు. తోలేది ఎవరు? మన పల్లె కుర్రోడు, నెల జీతానికి. ఓనరు కారులో తిరుగుతాడు. ఫ్యాను ఊడితే, పొగ కమ్మితే, హైవే మీద లారీల మధ్య బండి ఆగిపోతే రోడ్డు మీద నిలబడేది వాళ్ళు. ఉడికే రేడియేటర్ మూత ఆత్రంగా తీసి మొహం కాల్చుకునేది ఆ కుర్రోడు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్ళు మూత తీయంగానే ఆవిరై ఎగజిమ్ముతాయని వాడికెవరు చెప్పారు? బండి మాత్రమే వాడిది మేనల్లుడా, వేడి మనది.

వాడు ఒక్క క్షణం ఆగి అడిగాడు: ‘సరే మామా. ఆ బండిలో మనోళ్ళు ఎక్కకపోతే? వాడు, వాడి పెళ్ళాం పిల్లలు మాత్రమే ఎక్కే బండైతే? అప్పుడు పాత పంపు ఏస్తావా?’

ఇదీ ప్రశ్న. నేను ఆ పూట జవాబు చెప్పకుండా పానాలు తీశాను. పని చేస్తూ ఆలోచించటం నాకు అలవాటు.

ఇంజన్ చల్లారేదాకా ఆగాం. కింద గమేళా పెట్టి కూలెంటు వదిలాను. పచ్చగా, తియ్యటి వాసన. కుర్రోడు దాన్ని కాలవలో పోయబోతే ఆపాను. కూలెంటు తియ్యగా ఉంటుంది, కుక్కలు, గొడ్లు నాకుతాయి. అది విషం, మూత్రపిండాలు పోతాయి. ఆ కాలవ పోయి పోయి మా పల్లె పక్కన కుంటలో కలుస్తుంది. ఎవరి బండి నీళ్ళైనా నేను డబ్బాలో పట్టి మూత పెడతాను. నీళ్ళు పాడుచేస్తే ఏమవుతుందో నాకు పదమూడేళ్ళప్పుడే తెలిసింది.

ఫ్యాను విప్పి, బెల్టు తీసి, పైపు క్లిప్పులు వదులు చేసి పంపు బోల్టులు తీశాను. ఆ బోల్టులు ఒక్కోటి ఒక్కో పొడుగు. అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి, ఏ బోల్టు ఆ చోట గుచ్చి పెట్టాలి. పొడుగు బోల్టు పొట్టి చోట పెట్టి బిగిస్తే లోపల గోడకి తగులుతుంది, పొట్టిది పొడుగు చోట పెడితే మరలు పట్టవు. ఇంజన్‌కి అంటిన పాత ప్యాకింగు మొత్తం గీకాలి, కానీ గీత పడకూడదు. ఇది ఓపికతో అయ్యే పని. మా తాత తోలు వెంట్రుక గీకటం నేను చూడలేదు గానీ నా మణికట్టు ఆ పని చేస్తున్నట్టే ఉంటుంది. కొత్త పంపుని పాతదాని పక్కన పెట్టి బెజ్జాలు, రెక్కలు, ఇరుసు పొడుగు సరిచూశాను. కొత్త ప్యాకింగు, పల్చగా అనాబాండు. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. ఒకేదాన్ని గట్టిగా బిగిస్తే మిగతా పక్క లేస్తుంది. బలం చూపించే చోటు కాదది.

అవును, కొత్త పంపే వేశాను. ఓనరుకి ఫోను చేసి, ‘పాతది వెయ్యను, కొత్తది వేస్తే చేస్తా, ధర ఇంత, బండి కదిలే ముందు డబ్బు’ అని చెప్పాక. కాసేపు నసిగాడు. కోతల రోజులు, బండి లేకపోతే జరగదు. ఒప్పుకున్నాడు.

సాయంత్రానికి బండి చూసుకోటానికి వచ్చాడు. నేను రేడియేటర్‌కి నీళ్ళు పొయ్యాలి. కూలెంటు సరిపడా ఉంది, కలపటానికి మంచినీళ్ళు కావాలి. షెడ్డులో తాగే కుండ ఉంది. కుర్రోడు కుండలోంచి ముంచి పోశాడు. ఓనరు చూస్తూ నిలబడ్డాడు. ఎండ మండిపోతోంది. నేను, ‘దాహం తీసుకోండి’ అన్నాను, అనాలనే అన్నాను. ఆయన ‘వద్దులేవయ్యా’ అని కారులోంచి బాటిలు తీసి, సీలు తిప్పి తాగాడు. ఇందులో కేసు పెట్టటానికి ఏముంది? ఏమీ లేదు. ఈ రోజుల్లో అందరూ బాటిలు నీళ్ళే తాగుతారు. గ్లాసులు రెండు పెట్టాల్సిన బాధ సీలు బాటిలు తీర్చింది. మా కుండ నీళ్ళు ఆయన ఇంజన్ లోపలికి పోయాయి, గొంతులోకి పోలేదు.

ఇంజన్‌కి కులం లేదని చాలామంది మురిసిపోతారు. నిజమే, లేదు. మిషన్లు వస్తే కులం అరుగుతుందని నమ్మిన పెద్దలున్నారు. మిషన్ మనిషికి తీరిక ఇస్తుందని అంబేద్కర్ దాని పక్షాన మాట్లాడాడు, చేతిరాట్నంలో మోక్షం చూపించినోళ్ళతో వాదించాడు. నేనూ మిషన్ పక్షమే. లందలోంచి మా నాయన్ని, నన్ను బయటికి తెచ్చింది మిషనే. కానీ బానెట్టు మూశాక మనుషులు మళ్ళీ ఎవరి చోటికి వాళ్ళు పోతున్నారు. బానెట్టు కింద సమానత్వం బానెట్టు దాకానే.

రేడియేటర్ మూత తీసి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేశాం. బుడగలు వచ్చి, నీళ్ళు దిగి, మళ్ళీ పోసి. ఎనభై డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ తెరుచుకుంటుంది, పై పైపు ఒక్కసారిగా వేడెక్కుతుంది. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, నీళ్ళు తిరుగుతున్నాయని. బెల్టుని బొటనవేలితో నొక్కి చూశాను, అరంగుళం దిగింది. బెజ్జం కింద వేలు పెట్టాను, పొడిగా ఉంది.

డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు ఓనరు. చేతిలోనే పెట్టాడు. పెడుతూ, ‘మీ తాత కూడా మంచి పనోడంటయ్యా, మా నాయన చెప్పేవాడు’ అన్నాడు. అతను చెడ్డ మనసుతో అనలేదు. నేను బిల్లు రాసి ఇచ్చాను. పంపు ఇంత, బెల్టు ఇంత, ప్యాకింగు ఇంత, కూలెంటు ఇంత, పని ఇంత. ‘మా తాతకి మీ వాళ్ళు ఇట్టా రాసి ఇవ్వలేదండీ’ అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు.

రాత్రి మేనల్లుడికి జవాబు చెప్పాను. ఆ బండిలో వాడి కుటుంబమే ఎక్కినా పాత పంపు వెయ్యను. వాడి మీద జాలితో కాదు, నీతిమంతుణ్ణి అనిపించుకోటానికీ కాదు. చెడ్డ పంపు వేసి బాగుందని డబ్బు తీసుకుంటే, నేను రాసిన బిల్లు అబద్ధం అవుతుంది. మా తాతకి లేనిది నాకున్నది ఆ కాగితమొక్కటే. నా ధర నేను చెప్పగలుగుతున్నాను అంటే, నా పని మీద నా మాట చెల్లుతోంది అని. వాడి మీద పగకి నా మాటని ఎందుకు అమ్ముకోవాలి? పగ తీర్చుకోటానికి వేరే చోట్లున్నాయి. కోర్టుంది, ఓటుంది, సంఘముంది, భూమి కోసం కొట్లాట ఉంది. అక్కడికి నేనూ వస్తాను, ఎప్పుడూ వస్తూనే ఉన్నాను.

వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. ‘నీ మాట పని చేతిలో ఉన్నోడికి సరిపోద్ది మామా. మిరపకాయలు కోసే అక్క బిల్లు ఎక్కడ రాసిద్ది? పని బాగా చేస్తే బస్తాలు పెరుగుతయ్, కూలి పెరగదు. ఆమె నెమ్మదిగా కోస్తే తప్పా?’ అన్నాడు. తప్పు కాదన్నాను. ధర చెప్పే నోరు లేని చోట చేతులు నెమ్మదిస్తే అదే నోరు. దానికీ దీనికీ గీత ఎక్కడుందో నేను గీసి చూపించలేను. నా షెడ్డులో ఎక్కడుందో మాత్రం తెలుసు. ఆ మాట మీద మేము ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. వాడు దాని మీద సంఘంలో ఒక సభ పెడతానంటున్నాడు. మీలో ఎవరన్నా వస్తే మాట్లాడండి.

ఆ వారమే షెడ్డు తలుపు మీద ‘పంటకి ఇచ్చే లెక్కలు లేవు’ అని పెయింటుతో రాయించాను. పంటకిస్తాననే మాట వింటే నాకు కళ్ళం, మేర గుర్తొస్తాయి. ముగ్గురు నలుగురు ఆసాములు రావటం మానేశారు. ఇద్దరు తిరిగొచ్చారు. పల్లె వాళ్ళకి ఆ రాత వర్తించదు, అది రాయించలేదు గానీ వాళ్ళకి తెలుసు.

పికప్పు తోలే కుర్రోడికి ఆ బెజ్జం ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. ఆదివారం ఆదివారం చూడమన్నాను. తడి కనపడితే ఓనరుకి కాదు, ముందు నాకు చెప్పమన్నాను. వాడు ఫోను చేస్తుంటాడు. ‘పొడిగానే ఉంది మామా, ఆడోళ్ళు ఎక్కారు, పోతన్నాం’ అని పెట్టేస్తాడు.